రోకలి, మోటారు, పెరెల్మాన్: ఒక విద్యార్థిని కేస్ స్టడీ

తెలంగాణలో ఒక మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. లైబ్రరీ బాధ్యత కూడా నాదే. ప్రభుత్వ బడుల్లో లైబ్రరీకి వేరే మనిషి ఉండడం అరుదు; ఎవరో ఒక టీచరుకు బీరువా తాళంచెవి అప్పగించి చేతులు దులుపుకుంటారు. యాకోవ్ పెరెల్మాన్ అనే రష్యన్ రచయిత ఒక అమ్మాయికి ఎలా తగిలాడన్నదే ఈ కేసు. ఆ అమ్మాయి 2022–23లో మా బడిలో తొమ్మిదో తరగతి చదివింది, తెలుగు మీడియం. తనూ, తల్లిదండ్రులూ ఒప్పుకున్నారు కాబట్టి రాస్తున్నాను. పేరూ ఊరూ చెప్పను.

తండ్రికి బస్టాండు వెనక మోటారు వైండింగ్ షాపు ఉంది. పొలాల నుంచి కాలిపోయిన మోటార్లు వస్తే మాడిన తీగ పీకి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. తల్లి బీడీలు చుడుతుంది. ఇంట్లో నానమ్మ కూడా ఉంటుంది. అమ్మాయి బడి విడిచాక షాపులో కూర్చుని తండ్రి తీగ చుడుతుంటే చుట్లు లెక్కపెట్టేది. చదువు మధ్యస్తం. అల్లరి చేయదు, మొదటి ర్యాంకూ రాదు, చెయ్యెత్తి ప్రశ్న అడగదు. ఏ టీచరు కంటా పడకుండా పదో తరగతి దాటిపోయే పిల్లలు ఇలాగే ఉంటారు. ప్రతి క్లాసులో వాళ్ళే ఎక్కువమంది, స్టాఫ్ రూములో మాత్రం వాళ్ళ మాటే రాదు.

పాఠ్యపుస్తకం, గైడు తప్ప అప్పటిదాకా ఆ అమ్మాయి వేరే పుస్తకం చదివిన దాఖలా లేదు.

పుస్తకం చేతికి వచ్చిన తీరు

మా బీరువాలో ఒక అర పూర్తిగా ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయుడు ఇచ్చిన పాత పుస్తకాలే. వాటిలో సగం సోవియట్ పుస్తకాలు. మాస్కోలోనే తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర పుస్తకశాలల్లోనూ ఊరూరా తిరిగే వాళ్ళ వ్యానుల్లోనూ కారుచౌకగా దొరికిన రోజులవి. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమయ్యాక ఆ పుస్తకాల రాక ఆగిపోయింది. మిగిలిన ప్రతులు ఇలా బీరువాల్లోనూ అటకల మీదా ఉన్నాయి.

లైబ్రరీ పీరియడులో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పుస్తకాలన్నీ నేల మీద పరిచి, ఎవరికి ఏది కావాలంటే అది తీసుకోమనడం. చదివాక సారాంశం రాయమని అడగను. సారాంశం అడిగారంటే పిల్లలు అన్నిటికంటే సన్నటి పుస్తకం ఏదో వెతుక్కుంటారు. బడిలో చదువు మీద విరక్తి పుట్టించడానికి అంతకంటే దగ్గరి దారి నాకు తెలియదు.

ఆ రోజు ఆ అమ్మాయి బొమ్మ చూసి ఒక పుస్తకం తీసుకుంది. కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి బొమ్మ. పక్కన రాసి ఉన్నది ఇంచుమించు ఇది: నడుము నిలువుగా ఉంచి, పాదాలు కుర్చీ కిందికి జరపకుండా కూర్చోండి, ఇప్పుడు ముందుకు వంగకుండా, పాదాలు కదపకుండా లేవండి చూద్దాం. అమ్మాయి లేచి నా కుర్చీ దగ్గరికి వచ్చి, అనుమతి అడగకుండానే కూర్చుంది. లేవలేకపోయింది. చేతులు గాలిలో ఆడించింది, పళ్ళు బిగించింది, అయినా లేవలేకపోయింది. తర్వాత స్నేహితురాలిని కూర్చోబెట్టింది. కాసేపట్లో నా కుర్చీ ముందు వరస కట్టారు. శరీరం బరువంతా వచ్చి కేంద్రీకరించే బిందువు పాదాల పైకి వస్తే తప్ప మనిషి లేవలేడు. రోజూ తెలియకుండానే ముందుకు వంగి ఆ పని చేస్తుంటాం. పాఠ్యపుస్తకంలో గరిమనాభి అన్న మాట చదివి అప్పగించిన పిల్లలే వీళ్ళు. అది తమ నడుములోనే ఉందని ఆ పూట తెలిసింది.

పుస్తకం ఇంటికి తీసుకెళ్ళమన్నాను.

అది యాకోవ్ పెరెల్మాన్ నిత్యజీవితంలోని భౌతికశాస్త్రం గురించి రాసిన పుస్తకానికి తెలుగు అనువాదం. రష్యన్‌లో మొదట 1913లో వచ్చింది. ఆయన శాస్త్రవేత్త కాదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అటవీశాస్త్రం చదివి, ఆ ఉద్యోగం చేయకుండా పత్రికల్లో రాస్తూ బతికాడు. కొత్త సంగతులు చెప్పడం కంటే, పాఠకుడికి ఇదివరకే తెలిసిన సంగతులను సరిగా తెలుసుకునేలా చేయడమే తన ఉద్దేశమని ముందుమాటలో చెప్పుకున్నాడు. ఈ కేసంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

మొదటి నెలల్లో గమనించినవి

పుస్తకం వెనక్కి రాలేదు. ప్రశ్నలు రావడం మొదలైంది. మొదట బండిచక్రం ప్రశ్న: దొర్లే చక్రంలో పైభాగం కిందిభాగం కంటే వేగంగా కదులుతుందని పెరెల్మాన్ అంటాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. చక్రం ఒకటే కదా, ఒక ముక్క వేగంగా, ఒక ముక్క నెమ్మదిగా ఎలా పోతుంది? నేను జవాబు చెప్పలేదు. సైకిలు తెచ్చుకో అన్నాను. చక్రం అంచు మీద పైన ఒక చోట, కింద ఒక చోట సుద్దతో గుర్తు పెట్టి, పక్కన నేలలో కర్ర పాతి, చక్రాన్ని కొద్దిగా దొర్లించింది. పై గుర్తు కర్రను దాటి దూరం పోయింది. కింది గుర్తు దాదాపు ఉన్నచోటే ఉంది. దొర్లుతున్న చక్రానికి పైన ఉన్న పుల్లలు కలిసిపోయి కనిపించడం, కిందివి విడివిడిగా కనిపించడం ఆ తర్వాత తానే కనిపెట్టి చెప్పింది. పుస్తకంలో అదీ ఉంది, కానీ ఆ పేజీకి ఇంకా రాలేదు.

తర్వాత ఉన్ని కోటు. కోటు మనిషికి వెచ్చదనం ఇవ్వదు, ఉన్న వెచ్చదనాన్ని పోనివ్వదు అంతే అని పెరెల్మాన్ వాదన. మా వైపు ఉన్ని కోట్లు ఎవరు వేసుకుంటారు? ఆ అమ్మాయి నానమ్మ గొంగడి తీసింది. లాబ్ థర్మామీటరు అడిగి తీసుకెళ్ళి రాత్రంతా గొంగడిలో చుట్టి ఉంచింది. పాదరసం కదలలేదు. మర్నాడు కూల్‌డ్రింకు షాపులో రెండు ఐసు ముక్కలు తెచ్చి, ఒకటి పళ్ళెంలో, ఒకటి గొంగడిలో పెట్టింది. పళ్ళెంలోది నీరయ్యాక కూడా గొంగడిలోది గట్టిగా ఉంది. ‘ఐసు బండివాళ్ళు రంపపు పొట్టు ఎందుకు కప్పుతారో ఇప్పుడు తెలిసింది టీచర్’ అని చెప్పింది. పెరెల్మాన్‌కు ఐసు బండీ తెలియదు, గొంగడీ తెలియదు. కోటును గొంగడిగా మార్చుకోవడం అమ్మాయి చేసిన పని. ఒక రచయిత పిల్లలకు పట్టాడా లేదా అని తేల్చుకోవడానికి నేను చూసే మొదటి గుర్తు ఈ మార్చుకోవడమే.

రెండో గుర్తు ఇంకా ముఖ్యం. ఒకరోజు వచ్చి అడిగింది: ‘ఈయన ఇంకేమైనా రాశాడా టీచర్?’

పుస్తకం నచ్చిన పిల్లలు ‘ఇలాంటిది ఇంకొకటి ఇవ్వండి’ అంటారు. రచయిత దొరికిన పిల్లలు ‘ఈయన’ అంటారు. ఆ పుస్తకం వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషి ఇంకో చోట ఇంకేదో చెప్పి ఉంటాడని తెలిసిపోయిన ప్రశ్న అది. ఆయన అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, ఖగోళశాస్త్రం మీద కూడా ఇలాంటి పుస్తకాలే రాశాడు. మా బీరువాలో అవి లేవు. ఇంగ్లీషు అనువాదాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఖగోళశాస్త్రం పుస్తకంలో కొన్ని పేజీలు ప్రింటు తీసి ఇచ్చాను, ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కూడా. ఇంగ్లీషు పీరియడులో నోరు విప్పని అమ్మాయి, ఆ కాగితాల అంచుల నిండా తెలుగు అర్థాలు రాసి తెచ్చింది.

గ్రహణం, రోకలి

2022 అక్టోబరు 25న పాక్షిక సూర్యగ్రహణం. మన ప్రాంతంలో సాయంత్రం పట్టి, విడవకుండానే సూర్యుడు అస్తమించాడు. గ్రహణం వచ్చిన ప్రతిసారీ టీవీల్లో కనిపించే దృశ్యమే ఆ రోజూ కనిపించింది: పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో రోకలి నిలబెట్టి, గ్రహణం పట్టింది కాబట్టే నిలబడిందని చెప్పడం. ఈ అమ్మాయి ఇంట్లో నానమ్మ కూడా ఇత్తడి పళ్ళెంలో నిలబెట్టి వాడకట్టు వాళ్ళందరికీ చూపించింది.

తర్వాతి ఆదివారం అమ్మాయి అదే రోకలిని అదే పళ్ళెంలో నిలబెట్టింది. తర్వాత పళ్ళెం తీసేసి బండల మీద నిలబెట్టింది. రోకలి అడుగున ఇనుప పొన్ను ఉంటుంది, అడుగు చదునుగా ఉంటుంది. నిలువుగా, నింపాదిగా పెట్టి వదిలితే ఏ రోజైనా నిలబడుతుంది. నానమ్మ ఒప్పుకోలేదు. గ్రహణం బలం వారం దాకా ఉంటుందంది. అమ్మాయి వాదించలేదు. నెల గడిచాక మళ్ళీ నిలబెట్టి చూపింది. అప్పుడు నానమ్మ రోకలిని తానే తీసుకుని, పక్కకు వంచి, మళ్ళీ తానే నిలబెట్టి చూసి, ‘అయితే మా అమ్మ కూడా ఏ రోజంటే ఆ రోజు నిలబెట్టగలిగేదన్న మాట’ అని నవ్విందట.

ఈ సంగతి అమ్మాయి నాకు చెప్పిన రోజున నేను పెరెల్మాన్ మొదటి వ్యాసం గురించి చెప్పాను. 1899 నవంబరులో ఆకాశం నుంచి నిప్పుల వాన కురిసి లోకం అంతమవుతుందని రష్యా సామ్రాజ్యంలో పుకారు పుట్టింది. అది లియొనిడ్ ఉల్కల రాక; సుమారు 33 ఏళ్ళకోసారి దట్టంగా రాలే ఉల్కలు. భయపడాల్సిందేమీ లేదని వివరిస్తూ స్థానిక పత్రికలో వ్యాసం రాసింది, అప్పటికి బడిలో చదువుకుంటున్న పెరెల్మాన్. ‘అప్పుడు ఆయన వయసెంత టీచర్?’ అని అడిగింది. పదహారు అన్నాను. అమ్మాయి వయసు అప్పటికి పద్నాలుగు. మరుసటి వారం మా గోడపత్రికలో రోకలి గురించి ఒక పేజీ వచ్చింది, బొమ్మతో సహా. ఆ అమ్మాయి పేరు బడిలో గోడ మీద కనిపించడం అదే మొదటిసారి.

ఆయన ఎలా చనిపోయాడో కూడా తానే అడిగి తెలుసుకుంది. దాచలేదు. 1941 సెప్టెంబరులో నాజీ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను (అప్పట్లో సెయింట్ పీటర్స్‌బర్గ్ పేరు అది) చుట్టుముట్టింది. ఆ చలికాలంలో ఒక దశలో, కార్మికులు కానివాళ్ళకు రోజుకు 125 గ్రాముల రొట్టె తప్ప ఏమీ దొరకలేదు. పెరెల్మాన్ భార్య జనవరిలో పోయింది. ఆయన 1942 మార్చి 16న ఆకలితో చనిపోయాడు. అంతకు ముందు 1935లో ఆ నగరంలోనే, ఫొంతాంకా నది ఒడ్డున, పిల్లలు ముట్టుకుని ఆడుకునే విజ్ఞాన గృహం ఒకటి తెరిపించాడు. యుద్ధం రాగానే అది మూతపడింది. అమ్మాయి చాలాసేపు ఊరుకుని, ‘అంత తెలిసిన మనిషికి తిండి పెట్టేవాళ్ళే లేకపోయారా?’ అంది. ఊరంతటికీ తిండి లేదమ్మా అన్నాను. కొన్ని రోజులు పుస్తకం జోలికి పోలేదు. మళ్ళీ తీసినప్పుడు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

ఓల్టేజి ప్రశ్న

ఈ కేసును రాయాలనిపించింది దీని వల్లే. 2023–24లో పదో తరగతి విద్యుత్ ప్రవాహం పాఠం. ఓమ్ నియమం చెప్పాను: ఓల్టేజి తగ్గితే ప్రవాహం తగ్గుతుంది. అమ్మాయి లేచి నిలబడింది. తొమ్మిదో తరగతిలో ఒక్కసారి కూడా నిలబడని అమ్మాయి. ‘టీచర్, యాసంగిలో ఓల్టేజి తగ్గినప్పుడే మా షాపుకు మోటార్లు ఎక్కువ వస్తాయి. ఓల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గాలి కదా, మరి తీగ ఎందుకు మాడుతుంది?’

ఇది పెరెల్మాన్ పుస్తకంలో లేదు. నాకు తెలిసినంతలో మన పాఠ్యపుస్తకంలోనూ లేదు. కానీ ప్రశ్న పుట్టిన తీరు అచ్చంగా పెరెల్మాన్‌ది: అందరికీ తెలిసిన సంగతినీ, పుస్తకంలో రాసి ఉన్న సంగతినీ పక్కపక్కన పెట్టి, ఇవి రెండూ పొసగడం లేదే అని అడగడం. హెచ్.జి. వెల్స్ నవలలోని అదృశ్య మనిషి గురించి పెరెల్మాన్ ఇదే చేశాడు. ఆ మనిషి ఎవరికీ కనిపించడం లేదంటే వెలుతురు అతని కళ్ళలోంచి కూడా ఆగకుండా దూసుకుపోతోందన్న మాట. కంట్లో ఆగని వెలుతురుతో చూపు రాదు కాబట్టి అతను గుడ్డివాడై ఉండాలి. అమ్మాయికి ఆ పేజీ అంటే మహా ఇష్టం.

జవాబు కోసం లాబ్‌లో బొమ్మ కారులోంచి తీసిన చిన్న మోటారును బ్యాటరీకి, అమ్మీటరుకు కలిపాం. మోటారు తిరుగుతుండగా అమ్మాయి రెండు వేళ్ళతో ఇరుసును నెమ్మదిగా నొక్కింది. వేగం తగ్గింది, అమ్మీటరు ముల్లు పైకి లేచింది. వేళ్ళు వదిలితే దిగింది. బ్యాటరీ మార్చలేదు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ లేచింది. తిరిగే మోటారులో దానంతట అదే ఒక ఎదురు ఓల్టేజి పుట్టి, లోపలికి వచ్చే ప్రవాహాన్ని అదుపులో పెడుతుంది. వేగం తగ్గితే ఆ ఎదురు కూడా తగ్గుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. బోరు మోటారు కట్టుబడి వేరు అయినా కథ ఇదే దారిలో నడుస్తుంది. ఓల్టేజి పడిపోతే నీటి బరువు లాగలేక వేగం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, తీగ వేడెక్కుతుంది, పైన పూసిన ఇన్సులేషన్ మాడుతుంది. ఓమ్ నియమంలో తప్పేమీ లేదు. మోటారు ఉత్త తీగ కాదు, అంతే.

అమ్మాయి ఇంటికి వెళ్ళి తండ్రికి చెప్పింది. ఆయన తర్వాత బడికి వచ్చినప్పుడు నాతో అన్న మాట: ‘ఓల్టేజి తగ్గినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా కాలిపోతుందని నాకు తెలుసు టీచర్. ఎందుకు కాలుతుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు.’ షాపులో ఒక అట్ట కట్టమని కూతురు పట్టుబట్టింది: ఓల్టేజి తక్కువగా ఉన్నప్పుడు మోటారు వేయకండి అని. మోటార్లు కాలకపోతే మనం తినేదేమిటని ఆయన మొదట కసిరాడు, తర్వాత కట్టాడు. రైతులు చదువుతారు. మోటార్లు కాలడం మాత్రం తగ్గలేదు, ఓల్టేజి రైతు చేతిలో లేదు కదా.

మార్కుల సంగతి

పెద్దగా పెరగలేదు. ఇది తేటగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలకు పుస్తకం అలవాటు చేయండి, మార్కులు వాటంతట అవే వస్తాయి అని సభల్లో చెప్పేవాళ్ళు చాలామంది. భౌతికశాస్త్రంలో గ్రేడు కొంత మెరుగైంది. లెక్కలు అలాగే ఉన్నాయి. సాంఘికశాస్త్రం ఇంకొంచెం దిగింది, రాత్రిళ్ళు చదివేది వేరే కాబట్టి. ఫార్మెటివ్ పరీక్షలో ఘర్షణ మీద ప్రశ్నకు తన సొంత ఉదాహరణలతో రాసి, పుస్తకంలోని మూడు పాయింట్లు రాయనందుకు మార్కులు పోగొట్టుకుంది. ఒకరిద్దరు టీచర్లు ఎదురు ప్రశ్నలు ఎక్కువయ్యాయని ఫిర్యాదు కూడా చేశారు.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ రామానుజన్ గుర్తుకొస్తాడు. 1903లో కుంభకోణంలో, బడిలో ఉండగానే, జి.ఎస్. కార్ అనే ఇంగ్లీషు ట్యూటరు కూర్చిన గణిత సూత్రాల పుస్తకం అతని చేతికి వచ్చింది. కార్ గొప్ప గణితవేత్త కాదు. పరీక్షలకు విద్యార్థులను తయారుచేస్తూ తన నోట్సును రెండు భాగాలుగా అచ్చు వేశాడు. వేల సూత్రాలు, నిరూపణలు చాలాచోట్ల లేవు, ఉన్నా రెండు ముక్కలే. ఆ ఖాళీలే ఆ కుర్రవాడిని పట్టుకున్నాయి. ప్రతి సూత్రాన్నీ తానే సాధించుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది కాలేజీలో చేరాక గణితం తప్ప ఏదీ పట్టించుకోక ఫెయిలై స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు. తర్వాత మద్రాసులో ఇంకో కాలేజీలోనూ గట్టెక్కలేదు. అదే రచయిత అతన్ని నిలబెట్టాడు, అదే రచయిత కాలేజీ దాటనివ్వలేదు. రామానుజన్ కథలో మొదటి సగం చెప్పి పిల్లలను ఉత్సాహపరచడం మనకు అలవాటు. టీచరుగా నాకు పని పడేది రెండో సగంతో.

రామానుజన్‌కూ ఈ అమ్మాయికీ పోలిక పెట్టడం లేదు. కార్‌కూ పెరెల్మాన్‌కూ ఉన్న పోలిక గురించి చెబుతున్నాను. ఇద్దరూ పాఠకుడికి పని మిగిల్చారు. మా బడిలో బహుమతులుగా ఇచ్చే వ్యక్తిత్వ వికాస పుస్తకాలు అన్నీ చెప్పేస్తాయి: లేవండి, కలలు కనండి, గెలవండి. చదివిన పిల్లవాడికి ఒళ్ళు పులకరిస్తుంది, మర్నాడు పొద్దున చేయడానికి ఏమీ ఉండదు. కుర్చీలోంచి లేవండి చూద్దాం అన్న రచయిత మాత్రం పని చెప్పాడు.

పుస్తకం చేయలేని పని

పదో తరగతి అయ్యాక తండ్రి ప్రైవేటు కాలేజీలో ఇంటర్ ఎంపీసీ అనుకున్నాడు, ఏజెంటు ఇంటికి వచ్చి ఫీజులో తగ్గింపు మాట్లాడి వెళ్ళాడు. అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా అంది. ఆడపిల్లకు మోటారు పనేమిటని నానమ్మ. ఇక్కడ పెరెల్మాన్ ఏమీ చేయలేడు. పాలిసెట్ దరఖాస్తు గడువు, కులం, ఆదాయం ధ్రువపత్రాలకు మీసేవ చుట్టూ తిరుగుళ్ళు, వెబ్ ఆప్షన్లలో ఏ కాలేజీ ముందు పెట్టాలి, హాస్టల్ ఉందా, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకముందు చేతి నుంచి ఎంత కట్టాలి: ఇవన్నీ ఒక మనిషి పక్కన కూర్చుని చేయించాల్సినవి. పాలిసెట్‌లో లెక్కల బరువు ఎక్కువ, అమ్మాయి లెక్కలు అంతంతమాత్రం కాబట్టి, వేసవిలో మా లెక్కల టీచరును బతిమాలి కొన్నాళ్ళు చెప్పించాను. మొదటి ఆప్షన్ రాలేదు. వేరే జిల్లాలోని ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్రిపుల్‌ఈ సీటు వచ్చింది, 2024లో చేరింది.

తొమ్మిదో తరగతిలో ఆ పుస్తకం దొరకకపోతే ఎలక్ట్రికల్ అనేదా? షాపు ఉంది కాబట్టి అనేదేమో. తండ్రి చేతి పని చూస్తూ పెరిగిన పిల్లకు, భౌతికశాస్త్రం టీచరే లైబ్రరీ చూసే బడిలో, ఆ పుస్తకం తగిలింది. వీటిలో దేని పాలు ఎంతో విడదీసి చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. అదే పుస్తకం క్లాసులో మరికొందరికి ఇచ్చాను. కుర్చీ పేజీకి అందరూ నవ్వారు, చక్రం పేజీకి ఆగిపోయారు. వాళ్ళలో ఒకడు దయ్యాల కథలు దొరికేదాకా ఏదీ ముగించలేదు, ఇప్పుడు అవే రాస్తున్నాడు. ఎవరికి ఏ రచయిత తగులుతాడో ముందుగా చెప్పడం నా వల్ల కాదు. అందుకే బీరువాకు తాళం వేయడం మానేశాం. రిజిస్టరు పిల్లలే రాసుకుంటారు, ఏటా కొన్ని పుస్తకాలు పోతాయి. తనిఖీకి వచ్చే అధికారికి ఆ లెక్క చెప్పుకోవడం నా తలనొప్పి.

ప్రస్తుతం

డిప్లొమా ఇంగ్లీషులో ఉంది. మొదటి ఏడాది లెక్కల్లో తప్పింది, తర్వాత కట్టి పాసయింది. మెషీన్ల పేపరులో ఇండక్షన్ మోటారు (బోరు మోటారు ఆ రకమే) వచ్చినప్పుడు, స్లిప్ గురించి, అంటే లోపల తిరిగే అయస్కాంత క్షేత్రం కంటే మోటారు ఎంత వెనకబడుతుందో, లెక్చరరు చెప్పకముందే తనకు తెలుసని ఫోన్ చేసి చెప్పింది. తెలుసని క్లాసులో అనలేదట, అనమన్నాను. సెలవుల్లో షాపులో కూర్చుని కాలిన ప్రతి మోటారుకూ కారణం ఒక నోటుపుస్తకంలో రాస్తోంది: ఓల్టేజి, ఫేజు, బేరింగు, నీళ్ళు దిగడం. డిప్లొమా ముగిశాక ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరాలని తన ఆలోచన. తండ్రి షాపుకు రమ్మంటున్నాడు, నడుం నొప్పితో పెద్ద మోటార్లు ఎత్తలేకపోతున్నానంటాడు. ఈ వేసవిలో ముగ్గురం కూర్చుని మాట్లాడుకోవాలి. ఈసెట్ పాత పేపర్లు నేను తీసి పెట్టాను.